కుక్క నోట పడిన పెట్టను కాపాడుకునేదెలా?

ప్రశ్న: పెరట్లో పన్నెండు నాటుకోళ్లు పెంచుతున్నాం. నిన్న సాయంత్రం వీధికుక్క ఒక గుడ్ల పెట్టను నోట కరుచుకుంటే మా అబ్బాయి లాక్కున్నాడు. వీపు మీద చర్మం బెత్తెడు చీలి మాంసం కనిపిస్తోంది. పసుపు, కొబ్బరినూనె కలిపి పట్టించాం. మేత ముట్టకుండా కళ్లు మూసుకుని కూర్చుంటోంది. బతుకుతుందా? కోసుకుని తినవచ్చా?
– ఒక మహిళా రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు మీ అబ్బాయి సంగతి చూడండమ్మా. కోడిని విడిపించేటప్పుడు కుక్క పన్ను గీసుకున్నా, చొంగ గాయానికి తగిలినా, ఆ చోటును ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించాలి. కోడి సంగతి ఆ తర్వాతే.

పెట్ట బతికే అవకాశం బాగానే ఉంది. వీపు మీద చీలిక చూడటానికి భయంకరంగా ఉన్నా, ఇలాంటివి చాలావరకు కుట్లు లేకుండానే పూడతాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టేవి కోరలు దిగిన చిన్న రంధ్రాలు. పైకి కనిపించవు, లోపల చీము పడుతుంది. రెక్కల కింద, తొడల లోపలివైపు, రొమ్ము మీద, గుదం చుట్టూ ఈకలు పాయలుగా విడదీసి వెతకండి.

గాయం చుట్టూ ఈకలను కత్తిరించండి, పీకితే చర్మం ఇంకా చిరుగుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాములు, అంటే సుమారు చిన్న చెంచాన్నర ఉప్పు కలిపి, సూది తీసేసిన సిరంజితో కడగండి. పసుపు, నూనె కలిసి పెచ్చు కడితే కింద చీము దాగుతుంది, నానబెట్టి తీసేయండి. తర్వాత గాయంలో క్రిములను చంపే మందు పొవిడోన్ అయోడిన్‌ను పాలు కలపని పల్చని టీ రంగు వచ్చేలా నీటిలో కలిపి, రోజుకు రెండుసార్లు అద్దండి. ఊపిరి తీసినప్పుడు రంధ్రంలోంచి బుడగలు వస్తుంటే మాత్రం అందులో నీళ్లు పోయవద్దు. కోడి ఒంట్లో గాలి తిత్తులు ఉంటాయి, నీరు వాటిలోకి చేరితే ప్రాణానికే ముప్పు. అలాంటి గాయాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పి వెంటనే పశువైద్యుడికి చూపించండి.

కళ్లు మూసుకుని కూర్చోవడం షాక్ లక్షణం. వెచ్చగా, చీకటిగా, సద్దు లేని చోట గంప కింద ఒంటరిగా ఉంచండి. మిగతా కోళ్లతో కలిపితే రక్తం చూసి గాయాన్నే పొడుస్తాయి. నోరు తెరిచి నీళ్లు పోస్తే శ్వాసనాళంలోకి పోవచ్చు. ఓఆర్‌ఎస్ నీళ్లు గానీ, కొద్దిగా బెల్లం కలిపిన నీళ్లు గానీ ముందు పెట్టి, ముక్కు కొనను తడపండి చాలు. తేరుకున్నాక మెత్తని అన్నం, ఉడికించిన గుడ్డు, కోడిపిల్లల దాణా పెట్టవచ్చు.

ఈగలు వాలితే ఒక్క రోజులోనే పురుగులు పడవచ్చు. గంప మీద దోమతెర కప్పండి, కింద పరిచిన కాగితాలు రోజూ మార్చండి. కొందరు పశువుల పుండుకు పోసినట్లు కిరోసిన్, టర్పెంటైన్, ఫినాయిల్ పోస్తారు. కోడికి అది విషమే.

కుక్క నోటిలోని పాశ్చరెల్లా వంటి సూక్ష్మక్రిములు లోతు గాయాల్లో త్వరగా పెరుగుతాయి, కాబట్టి యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. ఇంట్లో మిగిలిన మనుషుల మాత్రలు వేయకండి. పశువైద్యశాలకు తీసుకెళ్లండి, లేదా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి సలహా అడగండి. మందు వాడినన్నాళ్లు, ఆపిన తర్వాత వైద్యుడు చెప్పిన రోజుల వరకు గుడ్లు తినకూడదు.

కోసుకుని తినడం వద్దు. పక్షులకు రేబిస్ రావడం చాలా అరుదే, అయినా కుక్క చొంగ, కుళ్లు అంటిన మాంసాన్ని చేతులతో శుభ్రం చేసే పని పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. పొట్ట చీలి పేగులు బయటపడినా, రెండు కాళ్లూ చచ్చుబడినా వైద్యుడితో నొప్పి లేకుండా ప్రాణం తీయించడమే దయ. లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చండి.

పెట్ట కోలుకున్నా కొన్ని వారాలు గుడ్లు ఆపవచ్చు, కంగారు పడకండి. ఆ కుక్క మళ్లీ వస్తుంది. గూటి చుట్టూ ఇనుప జాలిని అడుగు లోతున మట్టిలో పాతి, సాయంత్రం కోళ్లను పొద్దు గూకకముందే లోపలికి తోలండి.