బరువులెత్తితే పిల్ల పొడుగు పెరగదా?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. ఆరేళ్లుగా డాన్స్ నేర్చుకుంటోంది. ఈ ఏడాదే ఒక్కసారిగా పొడుగైంది. రెండు నెలలుగా గెంతులు ఎక్కువ వేసిన రోజున మోకాలి చిప్ప కింద నొప్పి అంటోంది. తడిమితే చిన్న బొడిపె తగులుతోంది. కాళ్లకు బలం వచ్చే వ్యాయామాలు చేయించమని టీచరుగారు అన్నారు. బరువులెత్తితే ఎదుగుదల ఆగిపోతుందని మా అత్తగారు వద్దంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి

జవాబు: టీచరుగారి మాట వినండమ్మా. అయితే ముందు ఆ బొడిపె సంగతి చూద్దాం.

ఆడపిల్లలు సుమారు 11-12 ఏళ్లప్పుడు, మగపిల్లలు 13-14 ఏళ్లప్పుడు గబగబా పొడుగవుతారు. ఎముకలు ముందు సాగుతాయి, కండరాలు వెనకబడతాయి. బిగుసుకున్న తొడ కండరం గెంతిన ప్రతిసారీ మోకాలి కింద ఎముకను లాగుతుంది. సరిగ్గా అక్కడే ఎముక ఇంకా గట్టిపడకుండా లేతగా ఉంటుంది. ఆ లాగుడుకు వాచి నొప్పి పుడితే ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. మీరు రాసింది అలాగే ఉంది. అయినా ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించి ఖాయం చేసుకోండి. చాలామందిలో ఎదుగుదల పూర్తయ్యేసరికి నొప్పి పోతుంది, బొడిపె మాత్రం ఉండిపోవచ్చు.

ఇక అత్తగారి భయం. సరైన పద్ధతిలో, తెలిసినవాళ్లు పక్కన ఉండి చేయించే బలం వ్యాయామాల వల్ల పిల్లల ఎదుగుదల ఆగదు. ఒంటికాలి మీద దిగే పెద్ద గెంతులో ఆ కాలి మీద పడే భారం ఒంటి బరువుకు మూడు రెట్లు దాటడం మామూలే. ఆ భారాన్ని మీ అమ్మాయి ఆరేళ్లుగా మోస్తూనే ఉంది. దాన్ని ఓర్చుకునే కండ తనకు కావాలి.

నొప్పి తగ్గేదాకా గెంతులు సగానికి తగ్గించమని టీచరుగారిని అడగండి. డాన్స్ మొత్తం మాన్పించకండి. పదికి ఎంత నొప్పి అని అడిగితే మూడు దాటకూడదు, మర్నాటి పొద్దుటికి తగ్గిపోవాలి. అలా లేకపోతే ఆ రోజు చేసింది ఎక్కువైనట్టే. లోతుగా గుంజీలు తీయించొద్దు. బదులుగా గోడకుర్చీ వేయించండి, నొప్పి రానంత ఎత్తులోనే, అర నిమిషం చొప్పున.

వారానికి రెండు రోజులు, మధ్యలో విడుపు ఇచ్చి, బలం కోసం కేటాయించండి. మొదటి నెల ఏ బరువూ వద్దు, ఒళ్లే బరువు. నేను అన్నిటికంటే ముందు చూసేది ఒంటికాలి మీద మడమ ఎత్తడం. గోడకు వేలు ఆనించి, మునివేళ్ల మీద లేచి, మెల్లగా దిగాలి. వెనక కూర్చుని మడమను చూడండి. ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన ఒక పిల్ల ఆరు చక్కగా చేసింది. ఏడోసారి మడమ వణికి, చీలమండ చిటికెన వేలి వైపు వాలింది. కాలు మడతపడేది సరిగ్గా అలాగే. లెక్క ఏడు దగ్గరే ఆపేశాను, ఇంకో పది చేస్తానని తను బతిమాలినా. వాలకుండా 15 చేయగలిగాకే చేతికి చిన్న బరువు ఇస్తాను.

పాదాలు బయటికి తిప్పే భంగిమల్లో తిప్పు తుంటిలోంచి రావాలి. తుంటి రానంటే పిల్లలు పాదాన్ని నేలకు తొక్కిపెట్టి మోకాలిని మెలిపెడతారు. దాన్ని కనిపెట్టి ఆపించండి.

ఇంకో మాట. నాకు 14 ఏళ్లప్పుడు కాలి ముందరి ఎముక మీద ఒక్కచోట, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి వచ్చింది. ఓర్చుకోమన్నారు, ఓర్చుకున్నాను. ఎముకలో సన్నటి పగులుతో నెలల తరబడి డాన్స్‌కు దూరమయ్యాను. అందుకే చెబుతున్నాను: ఈ బొడిపె దగ్గర కాక ఎముక మీద ఇంకెక్కడైనా ఒకేచోట నొప్పి ఉన్నా, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి అయినా, కుంటుతున్నా ఆ రోజే డాన్స్ ఆపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కడుపునిండా తిండి, కనీసం తొమ్మిది గంటల నిద్ర ఉండాలి. నెలసరి మొదలయ్యాక వరసగా మూడు నెలలు రాకపోతే డాన్స్ చేసే పిల్లలకు ఇంతేలే అనుకోవద్దు. తిండి చాలనప్పుడు అలా ఆగుతుంది, ఎముకలూ బలహీనపడతాయి.

ప్రశ్న: క్లాసు మొదట్లో పిల్లల చేత కాళ్లు చాపి, వంగి నిమిషాల తరబడి స్ట్రెచింగ్ చేయిస్తాను. సరైనదేనా?
– ఒక డాన్స్ టీచరు

జవాబు: దాన్ని క్లాసు చివరికి మార్చండి. చాలాసేపు సాగదీసి పట్టుకున్న కండరంలో గెంతే పట్టు కాసేపు తగ్గుతుంది. మొదట పది నిమిషాలు నడక, మెల్లటి పరుగు, కాళ్లు ఊపడం, చిన్న గెంతులు. ఒళ్లు వెచ్చబడి కాస్త చెమట పట్టాక అడుగులు మొదలుపెట్టండి.