ట్యూడర్ దుస్తులు కుట్టాలనుకుంటే ముందు స్మాక్ కుట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంగ్లండ్ వచ్చి రెండేళ్లయింది, దగ్గరలోని ట్యూడర్ పునఃప్రదర్శన బృందంలో, అంటే పదహారో శతాబ్దపు ట్యూడర్ రాజుల కాలం నాటి ఇంగ్లండ్ జీవితాన్ని వేషం కట్టి చూపించే బృందంలో చేరారు, వచ్చే వేసవికల్లా 1570ల నాటి సామాన్య స్త్రీ దుస్తులు స్వయంగా కుట్టుకోవాలి. కుట్టుమిషను వచ్చు, మగ్గం పని కొంత నేర్చుకున్నారు. మంచి ఎంబ్రాయిడరీ ఉన్న గౌనుతో మొదలుపెట్టవచ్చా, ఇంటి నుంచి తెచ్చుకున్న కలంకారీ బట్ట వాడుకోవచ్చా, మన రంగువాళ్లు ఆ దుస్తుల్లో కనిపిస్తే ఎవరైనా ఏమైనా అంటారా అని అడిగారు.

నేను మిడ్‌లాండ్స్‌లో ఉంటాను. తొమ్మిదేళ్లుగా ఈ దుస్తులు కుట్టుకుంటున్నాను. మీరు తలపెట్టినట్టే నేనూ గౌనుతోనే మొదలుపెట్టాను కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

ముదురు ఎరుపు పాలియెస్టర్ శాటిన్ కొని, మిషను మీద పదిహేను రోజుల్లో గౌను కుట్టేశాను. అద్దంలో ఎంతో బాగుంది. జూలైలో మొదటి ప్రదర్శన. ఆరుబయట కట్టెల పొయ్యి దగ్గర నన్ను రొట్టెల పనికి పెట్టారు. కట్టె చిటపటమని ఒక నిప్పురవ్వ ఎగిరి నా ఒళ్లో పడింది. పడిన చోట బట్ట క్షణంలో కరిగి రూపాయి బిళ్లంత చిల్లు పడింది, అంచులు నల్లగా గట్టిపడ్డాయి. అదే సమయంలో పక్కనున్న ఆవిడ ఉన్ని కర్టిల్ (స్మాక్ మీద వేసుకునే, రవిక, లంగా కలిసిన దుస్తు) మీద ఇంకో రవ్వ పడింది. అది కాస్త మాడి, తనంతట తానే ఆరిపోయింది. ఆవిడ చేత్తో దులిపేసుకుని పిండి కలపడం కొనసాగించింది. ఉన్ని అంత తేలికగా అంటుకోదు, పాలియెస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పొయ్యిల దగ్గర తిరిగే ఈ పనిలో ఉన్ని, అవిసె నారతో నేసిన లినెన్ తప్ప వేరే బట్ట వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అందంకంటే ముందు ఒంటి సంగతి చూసుకోవాలి.

ఆ చలికాలమంతా కూర్చుని స్మాక్ కుట్టాను. స్మాక్ అంటే ఒంటికి తగిలేలా వేసుకునే వదులైన లినెన్ చొక్కా, మోకాళ్ల కింది వరకు వస్తుంది. ఆ కాలంలో ఉన్ని, పట్టు పైబట్టలను ఉతికేవారు కాదు, దులిపి, బ్రష్షు కొట్టి, ఎండకు వేసేవారు. చెమట, జిడ్డు అంతా లోపలి లినెన్ పీల్చుకోవాలి. దాన్ని మాటిమాటికీ మార్చి, కట్టెబూడిద నీళ్లలో నానబెట్టి ఉతికేవారు. మన చాకిబాన తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. స్మాక్ లేకుండా కర్టిల్ వేసుకుంటే రెండో రోజుకే ఉన్ని చెమట కంపు కొడుతుంది, దాన్ని వదిలించుకునే మార్గం ఉండదు. అందుకే స్మాక్ ముందు కుట్టాలి. వీలైతే రెండు కుట్టుకోండి.

కత్తిరింపు చూస్తే మీకు భయం పోతుంది. వంపులు లేవు. ఒంటికి రెండు పొడవాటి దీర్ఘచతురస్రాలు, చేతులకు రెండు, కింద ఘేరా కోసం పక్కల్లో త్రికోణపు కళ్లీలు, చంకల్లో రెండు చదరపు ముక్కలు. బట్ట ఖరీదైనది కనుక అంగుళం కూడా వృథా కాకుండా కోసేవారు. నేను నేల మీద ముక్కలు పరిచి ఫోనులో చూపిస్తే, తెనాలిలో నలభై ఏళ్లు రవికలు కుట్టిన మా అమ్మ ఒక్క చూపుకే, "ఇది మీ తాతయ్య లాల్చీ కత్తిరింపే కదే" అంది. నిజమే, పాతకాలపు లాల్చీ చంకలోనూ ఆ చదరపు ముక్కే ఉంటుంది. చెయ్యి పైకెత్తినప్పుడు బట్ట లాగకుండా ఉండడానికి దాన్ని పెడతారు.

ఆ ముక్క కుట్టడంలోనే కిటుకుంది. పది సెంటీమీటర్ల చదరం తీసుకోండి, కుట్టుకు వదిలిన అంచు దీనికి అదనం. ఒక మూల సరిగ్గా చేతి కుట్టు ఆగే చోటికి రావాలి. కుట్టు అంచు దాకా పోనివ్వకుండా, ఆ వదిలిన అంచు మొదలయ్యే చోటే ఆపి ముడి వేయండి. ఒక్క పోగు దాటినా మూల దగ్గర బట్ట ముడుచుకుని చంకలో గుచ్చుకుంటుంది. నేను మొదటి చంక మూడుసార్లు విప్పి కుట్టాను. రెండోది ఒక్కసారికే కుదిరింది.

మిషను వద్దు. లోపలి కుట్టు ఎవరికీ కనిపించదు కదా అనిపిస్తుంది, కానీ చేతికుట్టు పడిన లినెన్ ఒంటి మీద వేరుగా జారుతుంది. లినెన్ దారాన్ని తేనెమైనం మీదుగా రెండుసార్లు లాగండి, చిక్కుపడదు. సన్నని సూదితో ముందుకు కుడుతూ, నాలుగైదు కుట్లకొకసారి ఒక కుట్టు వెనక్కి వేస్తే గట్టిగా నిలుస్తుంది. తర్వాత ఒక అంచును సగానికి కత్తిరించి, రెండో అంచును దాని మీదికి మడిచి, చిన్నచిన్న హెమ్మింగ్ కుట్లతో అదమండి. కత్తిరించిన పోగుల అంచు ఎక్కడా బయటికి కనిపించకూడదు. నా మొదటి స్మాక్‌కు మూడు మీటర్ల బట్ట, దాదాపు ముప్ఫై గంటల పని పట్టాయి. ఇప్పటికీ అదే వేసుకుంటున్నాను, ఒక్క కుట్టు ఊడలేదు.

తర్వాత కర్టిల్. ఉన్ని బట్ట, లోపల లినెన్ అస్తరు, ముందువైపు తాడుతో బిగించే రవిక భాగం, దానికి కుట్టిన కుచ్చిళ్ల లంగా. సామాన్య స్త్రీకి తిమింగలం ఎముకలేమీ అక్కర్లేదు. ముందు భాగంలో గట్టి కాన్వాసు పొర ఒకటి వేసి ఒంటికి సరిగ్గా అమరేలా కత్తిరిస్తే చాలు. తాడు దూర్చే కన్నాలను కత్తెరతో కోయవద్దు. మొనదేలిన పుల్లతో పోగులను పక్కకు జరిపి, చుట్టూ దారంతో కట్టండి, అప్పుడు అవి చిరగవు. బూట్ల లేసులా అడ్డదిడ్డంగా కాకుండా ఒకే తాడును మెలికగా కింది నుంచి పైకి దూర్చాలి. తలకు కోయిఫ్ అనే బిగుతైన లినెన్ టోపీ, మెడ, భుజాలు కప్పడానికి పార్ట్‌లెట్, నడుముకు ఏప్రన్. వీటిని గుండీలకంటే గుండుసూదులే ఎక్కువగా నిలిపి ఉంచుతాయి, కాబట్టి మంచి ఇత్తడి సూదులు ఓ గుప్పెడు కొనుక్కోండి. హాట్‌ఫీల్డ్ హౌస్‌లో ఉన్న బెర్మండ్సీ విందు చిత్రం 1569 ప్రాంతానిది. అందులో వంటవాళ్లు, పనివాళ్లు, పెద్దింటివాళ్లు ఒకే చోట కనిపిస్తారు. ఎవరు ఏం వేసుకున్నారో దాన్ని చూస్తే ఏ పుస్తకంకంటే బాగా తెలుస్తుంది.

చిత్రాలను ఇంతగా ఎందుకు నమ్ముతామంటే అసలు బట్టలు మిగిలింది చాలా తక్కువ. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్‌లో తోలు, ఉన్ని, కొంత పట్టు దొరికాయి. లినెన్ మాత్రం ఉప్పునీటిలో కరిగిపోయింది. కుట్టిన దారం కూడా లినెన్ కావడంతో బట్టల అతుకులు విడిపోయి, సూది కన్నాలు మాత్రమే మిగిలాయి. ఆ కన్నాల మధ్య దూరాన్ని బట్టి కుట్టు ఎలా పడిందో పరిశోధకులు అంచనా వేశారు. సూది పట్టేవాళ్లకు ఇంతకంటే ఆప్తమైన సంగతి నాకు తెలియదు.

ఇక మీరు ఆశగా అడిగిన ఎంబ్రాయిడరీ. మగ్గం పనిలో మీరు పట్టేది కొక్కెం సూది అయితే దాన్ని పక్కన పెట్టండి. ఆరి పని లాంటి కొక్కెంతో వేసే గొలుసు కుట్టు యూరప్‌లో వాడుకలోకి వచ్చింది పద్దెనిమిదో శతాబ్దంలోనే. చట్రం మీద బట్ట బిగించే మీ అలవాటు మాత్రం అక్షరాలా పనికొస్తుంది, వాళ్లూ అలాగే బిగించేవారు. జరీ దారాన్ని పైన పరిచి పట్టు దారంతో అక్కడక్కడా పట్టి కుట్టడం కూడా వాళ్లకు బాగా తెలిసిన పనే. పట్టు పోగు చుట్టూ బంగారు పూత పూసిన వెండి రేకు చుట్టిన వాళ్ల దారం, మన అసలు జరీ ఒకే తీరువి. కాకపోతే మీరు సామాన్య స్త్రీ దుస్తులు కడుతున్నారు. ఎవరు ఏ బట్ట వేసుకోవచ్చో చట్టాలు నిర్ణయించిన కాలమది. 1574 నాటి రాజశాసనం బంగారు జలతారును, ఊదా పట్టును అతి పెద్ద కుటుంబాలకే పరిమితం చేసింది. జరీని ఎప్పుడైనా గొప్పింటి పాత్రకు దాచుకోండి.

మీకు సరిపోయేది బ్లాక్‌వర్క్. తెల్లని లినెన్ మీద నల్లపట్టు దారంతో పోగులు లెక్కపెట్టి కుట్టే పని ఇది. ఎనిమిదో హెన్రీ ఆస్థాన చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ గీసిన, ఆ రాజు మూడో భార్య జేన్ సీమోర్ చిత్రంలో ముంజేతుల అంచుల మీద దీన్ని చూడవచ్చు, అందుకే ఈ కుట్టుకు హోల్బైన్ పేరే వచ్చింది. పోతూ ఒక గడి వదిలి ఒక గడి కుడతారు, తిరిగి వస్తూ ఖాళీలు నింపుతారు. రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది కాబట్టి మడతపడే ముంజేతి అంచుకు ఇదే తగినది. తిరిగి వచ్చేటప్పుడు ప్రతి కన్నంలోనూ సూది పాత కుట్టుకు ఒకే పక్కన పైకి రావాలి, ఇంకో పక్కన కిందికి పోవాలి. ఈ నియమం తప్పితే గీత మెట్లు మెట్లుగా వస్తుంది.

బట్ట కొనేముందు పోగులు లెక్కపెట్టండి. నేను ఆ పని చేయలేదు. నలభై గంటలు కష్టపడి కుట్టిన మొదటి పట్టీలో చదరాలన్నీ సాగిపోయి దీర్ఘచతురస్రాలయ్యాయి. చూస్తే సెంటీమీటరుకు పడుగులో పద్నాలుగు పోగులు, పేకలో పన్నెండు ఉన్నాయి. ఆ పట్టీ ఇప్పటికీ నా సూదిపెట్టె అడుగున ఉంది, కొత్త బట్ట కొనేటప్పుడల్లా తీసి చూస్తాను.

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ కాలపు నల్లకుట్టు ముక్కలను చూడండి. కొన్ని చోట్ల నల్లపట్టు రాలిపోయి, వట్టి కన్నాల వరుస, కింద గీసుకున్న సిరా గీత మాత్రమే మిగిలాయి. కారణం ఆ నలుపే. ఇనుము, టానిన్ (చెట్ల బెరడు, కాయల్లో ఉండే వగరు పదార్థం) కలిపి చేసిన నల్లరంగు కాలక్రమంలో పట్టును తినేస్తుంది. మన శ్రీకాళహస్తి కలంకారీలో తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే కసింనీళ్లు కరక్కాయ పట్టించిన బట్ట మీద నల్లబారడంలోనూ జరిగేది అదే రసాయన చర్య. అద్దం అవతల ఆ ఖాళీ కన్నాలను చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇప్పుడు దొరికే నల్లపట్టు దారానికి ఆ బెడద లేదు. అదే మ్యూజియంలో జేన్ బోస్టోక్ 1598లో కుట్టిన నమూనా బట్ట ఉంది. తేదీ వేసిన బ్రిటిష్ నమూనాల్లో ఇంతకంటే పాతది లేదు. కుట్టడానికి నమూనాలు వెతుక్కునేటప్పుడు నేను ముందుగా తిరిగి వెళ్లేది దాని దగ్గరికే.

కలంకారీ బట్ట మాత్రం ఈ దుస్తులకు పనికిరాదు. నూలు, అవిసె నార కలిపి నేసిన ఫస్టియన్ ఇంగ్లండ్‌లో ఉండేది కానీ, మన రంగుల నూలు బట్టలు కాదు. ట్యూడర్ల చివరి రాణి ఎలిజబెత్ 1603లో చనిపోయింది. ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం చేరింది 1611లో. మీ బృందంలో ఎవరైనా పదిహేడో శతాబ్దం చివరి కాలం ప్రదర్శిస్తే ఆ బట్టను అప్పుడు బయటికి తీయండి, అక్కడ దానికి నిజమైన చోటుంది.

రంగు సంగతి. ఏడో హెన్రీ, ఎనిమిదో హెన్రీ కొలువుల్లో జాన్ బ్లాంక్ అనే నల్లజాతి బాకా వాద్యకారుడు జీతం తీసుకుని పనిచేశాడు. 1511 నాటి వెస్ట్‌మినిస్టర్ పోటీల చిత్రపటంలో గుర్రం మీద, తలపాగాతో కనిపిస్తాడు. ఈ తొమ్మిదేళ్లలో సందర్శకులు నన్ను అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం చేతిలో ఉన్న కుట్టు గురించే. ఒకరిద్దరు రంగు గురించి అడిగినప్పుడు జాన్ బ్లాంక్ గురించి చెప్పాను, వాళ్లు నిలబడి ఆసక్తిగా విన్నారు. నిశ్చింతగా వెళ్లండి.

వేసవికి ఎనిమిది నెలలుంది. స్మాక్, కర్టిల్, కోయిఫ్ అయ్యాక సమయం మిగిలితే కోయిఫ్ అంచున వేలెడు వెడల్పు నల్లకుట్టు పట్టీ వేయండి, చాలు. ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి మోకాలి దాకా పొడవు, ముంజేతి చుట్టుకొలత ఇక్కడ రాయండి. మీ స్మాక్ ముక్కల కొలతలు లెక్కకట్టి ఈ ఆదివారం లోపు పెడతాను. బట్టను కత్తిరించేముందు ఒకసారి వేడినీళ్లలో ఉతికి ఆరేయడం మాత్రం మరిచిపోకండి, లినెన్ మొదటి ఉతుకులో బాగా కుంచించుకుపోతుంది.