కరెంటు రంపం కొనే ముందు అడుగుపలక చూడండి

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత ఇంట్లోనే చిన్న చిన్న కొయ్యపనులు మొదలుపెట్టాను. ఇంతవరకు చేతిరంపంతోనే నెట్టుకొచ్చాను గాని, పుస్తకాల బీరువా చేద్దామని 18 మి.మీ. ప్లైవుడ్ పలకలు తెచ్చుకున్నాక, అంత పొడవున తిన్నగా కోయడం నా వల్ల కావడం లేదు. గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు రంపం, అంటే సర్క్యులర్ సా, కొందామంటే బాష్ మంచిదని ఒకరు, మకీటా తప్ప మరొకటి వద్దని ఇంకొకరు, డివాల్ట్ అయితే తిరుగుండదని వేరొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ముగ్గురూ తాము వాడిన యంత్రాన్ని దృష్టిలో పెట్టుకునే చెప్పి ఉంటారు. అయితే వారు వాడినది ఆ కంపెనీలో ఏ తరగతి రంపమో తెలియకుండా ఆ మాట మీకు ఉపయోగపడదు. బాష్‌నే తీసుకోండి: ఇంటి వాడకానికి ఆకుపచ్చ రంగు యంత్రాలను, వృత్తి పనివారికి నీలం రంగు యంత్రాలను ఆ కంపెనీ విడివిడిగా తయారు చేస్తుంది. డివాల్ట్, బ్లాక్ అండ్ డెకర్ అనే రెండు పేర్లూ స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ అనే ఒకే సంస్థవి. నా అనుభవంలో ఒక కంపెనీకీ మరో కంపెనీకీ ఉన్న తేడా కన్నా, ఒకే కంపెనీ కింది తరగతికీ పై తరగతికీ ఉన్న తేడాయే ఎక్కువ. అందుచేత మీ పనికి తగిన తరగతిని ముందు నిర్ణయించుకొని, ఆ తరగతిలో మూడు కంపెనీల రంపాలనూ పక్కపక్కన పెట్టి పోల్చండి.

మీ పనికి పెద్ద రంపం అక్కరలేదు. ఎక్కువమంది కొనే 184 లేదా 185 మి.మీ. బ్లేడు రంపం నిటారుగా సుమారు 65 మి.మీ. లోతు కోస్తుంది. 165 మి.మీ. బ్లేడు రంపం కూడా దాదాపు 55 మి.మీ. వరకు కోయగలదు, బరువు కూడా తక్కువ. బీరువాలు, బల్లలు, అరలు చేసేవారికి అంతకు మించిన లోతుతో పని పడదు. చేయి అలసిపోతే గీత తప్పుతుంది కనుక, ఒక వయసు దాటినవారికి నేను చిన్న రంపాన్నే సూచిస్తాను.

ఇక అసలు చూడవలసినది అడుగుపలక. కొయ్య మీద ఆనుకొని జరిగే ఆ లోహపు పలక బ్లేడుకు సమాంతరంగా లేకపోతే, మోటారు ఎంత బలమైనదైనా కోత తిన్నగా రాదు. పలుచని రేకును వంచి చేసిన పలక, రంపం ఒక్కసారి చేయి జారి పడితే చాలు, వంగిపోతుంది. అల్యూమినియం, మెగ్నీషియం వంటి లోహాలను పోత పోసి చేసినవి అంత తేలికగా వంగవు. నా మొదటి రంపానికి రేకు పలకే ఉండేది. చెక్కబద్ద ఆనించి ఎంత జాగ్రత్తగా కోసినా కోత అంచున గోధుమరంగు మాడు మరకలు వచ్చేవి, పొగ వాసన వేసేది. బ్లేడు మొండిదయిందనుకొని రెండు బ్లేడ్లు మార్చాను. చివరకు కొలిచి చూస్తే తెలిసింది, పలక ముందువైపుకీ వెనుకవైపుకీ మధ్య దాదాపు ఒక మిల్లీమీటరు తేడా ఉంది. బ్లేడు వెనుక భాగం కోతలో ఏటవాలుగా రుద్దుకుంటోందన్న మాట.

ఈ పరీక్ష దుకాణంలోనే చేయవచ్చు. ప్లగ్గు తీసేయించి, బ్లేడును పూర్తి లోతుకు దించి, బ్లేడును కప్పి ఉంచే గార్డును పైకి పట్టుకోండి. ముందువైపు ఉన్న ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టి, ఆ పంటి నుంచి పలక అంచు వరకు కొలవండి. తరువాత బ్లేడును చేత్తో తిప్పి అదే పంటిని వెనుకవైపుకు తెచ్చి మళ్లీ కొలవండి. ఒకే పంటిని వాడడం ముఖ్యం, ఎందుకంటే బ్లేడులో కొద్దిపాటి వంకర ఉన్నా అప్పుడు అది లెక్కను చెడగొట్టదు. రెండు కొలతలూ ఒకటిగా ఉండాలి. లోతు బిగించే మరను, వాలు బిగించే మరను కూడా గట్టిగా తిప్పి, పలకను చేత్తో ఊపి చూడండి. ఎంత బిగించినా కదిలే పలక ఉన్న రంపాన్ని, అది ఎంత పేరున్న కంపెనీదైనా, అక్కడే వదిలేయండి.

రంపంతోపాటు వచ్చే బ్లేడుకు సాధారణంగా 24 పళ్లు లేదా దానికి దగ్గరగా ఉంటాయి. దూలాలు కోయడానికి అది చాలు గాని, ప్లైవుడ్ పై పొరను అది పెచ్చులు పెచ్చులుగా లేపేస్తుంది. పళ్ల కొనలకు కార్బైడ్ అనే గట్టి పదార్థం అతికించిన, 40 నుంచి 60 పళ్ల బ్లేడు ఒకటి విడిగా కొనుక్కోండి. మధ్యతరగతి రంపానికి మంచి బ్లేడు వేస్తే వచ్చే కోత, ఖరీదైన రంపానికి నాసి బ్లేడు వేస్తే రాదు. కొనేటప్పుడు బ్లేడు మధ్య రంధ్రం మీ రంపపు ఇరుసుకు సరిపోతుందో లేదో చూసుకోండి, ఎందుకంటే 15.88, 20, 30 మి.మీ. అని వేర్వేరు కొలతలున్నాయి. చేతితో పట్టి నడిపే రంపంలో పళ్లు కింద నుంచి పైకి కోస్తాయి కనుక పెచ్చులు పైవైపునే లేస్తాయి. పలక మంచి ముఖాన్ని కిందకు పెట్టి కోయండి.

కంపెనీ పేరును నిజంగా లెక్కలోకి తీసుకోవలసినది మరమ్మతు దగ్గర. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడం వాటి స్వభావం, వాటిని మార్చుకోక తప్పదు. బయటి మూత తిప్పి వాటిని మార్చుకునే వీలుందా, మీకు అందుబాటులో ఆ కంపెనీ విడిభాగాలు, బాగుచేసేవారు ఉన్నారా అని అడగండి. మూడు రంపాలూ మిగతా పరీక్షల్లో సమానంగా నిలిస్తే, మరమ్మతు దగ్గరగా దొరికేదాన్నే తీసుకోండి.

ప్రశ్న: బ్యాటరీ రంపం కొందామని చూస్తుంటే ఒక కంపెనీ 18 వోల్టులని, మరొకటి 20 వోల్టులని రాస్తున్నాయి. 20 వోల్టులది ఎక్కువ బలమైనదా? నా దగ్గర ఇప్పటికే మకీటా 18 వోల్టుల డ్రిల్లు ఉంది.

జవాబు: కాదు. రెండు రకాల బ్యాటరీలోనూ వరుసగా కలిపిన అయిదు లిథియం అయాన్ సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్‌కు వాడకంలో ఉండే సగటు 3.6 వోల్టులు లెక్కవేస్తే మొత్తం 18 వస్తుంది, నిండుగా చార్జ్ చేసినప్పటి 4 వోల్టులు లెక్కవేస్తే 20 వస్తుంది. డివాల్ట్ అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ పేరుతో అమ్మే బ్యాటరీ తరగతిని ఇతర దేశాల్లో 18 వోల్టులనే పిలుస్తుంది. మీరు పోల్చవలసినవి బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే ఆంపియర్ అవర్లు, మోటారులో బ్రష్‌లు ఉన్నాయా లేవా అన్న సంగతి. రంపం డ్రిల్లు కన్నా ఎంతో ఎక్కువ కరెంటు తాగుతుంది కనుక, డ్రిల్లుతో వచ్చిన 1.5 లేదా 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పెడితే నాలుగైదు పొడవాటి కోతలకే నీరసిస్తుంది. కనీసం 4 లేదా 5 ఆంపియర్ అవర్లది ఉండాలి.

మీ విషయంలో నిర్ణయం దాదాపు అయిపోయినట్టే. ఒక కంపెనీ బ్యాటరీ మరో కంపెనీ యంత్రానికి సాధారణంగా పట్టదు. మీ డ్రిల్లుది మకీటా 18 వోల్టుల్లోని ఎల్‌ఎక్స్‌టీ అనే వరుస బ్యాటరీ అయితే, ఆ వరుసలోనే బ్యాటరీ, చార్జరు లేకుండా ఒట్టి రంపాన్ని మాత్రమే కొనండి. అదే కంపెనీ 40 వోల్టుల ఎక్స్‌జీటీ వరుస యంత్రాలకు మాత్రం మీ 18 వోల్టుల బ్యాటరీ పట్టదు కనుక పొరబాటున అటు వెళ్లకండి. ప్లగ్గు పక్కనే కూర్చుని రోజంతా కోసే పని అయితే తీగ ఉన్న రంపమే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం.

ప్రశ్న: వేలు తగిలితే వెంటనే ఆగిపోయే టేబుల్ సా (బల్లకు బిగించిన బ్లేడు పైకి వచ్చే రంపం) ఉందని విన్నాను. అది లేని కంపెనీ టేబుల్ సా కొనడం ప్రమాదమా?

జవాబు: మీరు విన్నది సాస్టాప్ అనే కంపెనీ రంపం గురించి. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం ప్రవహిస్తూ ఉంటుంది. చర్మం తగలగానే అది మారుతుంది, ఆ వెంటనే ఒక అల్యూమినియం దిమ్మ పళ్లలోకి దూసుకొచ్చి, 5 మిల్లీసెకన్లలోపే బ్లేడును ఆపేస్తుంది. ఆ తరువాత దిమ్మ ఉన్న పెట్టెనూ, చాలాసార్లు బ్లేడునూ మార్చవలసి వస్తుంది. బాగా తడిగా ఉన్న కొయ్య కూడా దాన్ని పొరబాటున పనిచేయించగలదు. మీకు ఖర్చు భరించే శక్తి ఉంటే తప్పక కొనండి, వేలికన్నా విలువైనది ఆ గదిలో మరొకటి ఉండదు.

అయితే కొయ్య బ్లేడుకు చిక్కి మీవైపు వెనక్కి తన్నడాన్ని అది ఆపలేదు. ఆ పని చేసేది బ్లేడు వెనుక నిలబడి కోత మూసుకుపోకుండా చూసే రైవింగ్ నైఫ్ అనే పలుచని లోహపు పలక. బ్లేడుతోపాటు పైకి, కిందికి కదిలే రైవింగ్ నైఫ్ లేని టేబుల్ సాను, అది ఏ కంపెనీదైనా, కొనవద్దు. మీ దగ్గర పాతది ఉండి, అడ్డొస్తోందని దాన్ని ఊడదీసి ఉంటే, ఈ రోజే ప్లగ్గు తీసి తిరిగి బిగించండి.