18+ టెక్స్ట్ గేమ్‌లో కొత్తా? ముందు "పేజ్" కమాండ్ సంగతి చూడండి

అడిగింది: పెద్దలకు మాత్రమే అనే టెక్స్ట్ రోల్‌ప్లే మక్‌లో (అందరూ కలిసి అక్షరాలతోనే ఆడుకునే ఆన్‌లైన్ లోకం) చేరాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, ఎక్కడ మొదలెట్టాలి?

సాఫ్ట్‌వేర్ రెండు ముక్కల్లో తేలిపోతుంది. మడ్‌లెట్ అనే క్లయింట్ (సర్వర్‌కి కలిపే ప్రోగ్రామ్) వేసుకోండి, ఉచితం. సర్వర్ అడ్రస్, పోర్ట్ నంబర్ ఇస్తే చాలు. ఉత్త టెల్‌నెట్‌తో (పాతకాలపు కనెక్షన్ ప్రోగ్రామ్) మాత్రం వెళ్లకండి. మీరు సగం టైప్ చేస్తుండగా అవతలివాళ్ల మాటలు వచ్చి మీ లైన్ మీదే పడతాయి, పైగా పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా పోతుంది. టీఎల్ఎస్ పోర్ట్ (మాటల్ని రహస్యలిపిలో పంపేది) ఉంటే అదే వాడండి. ఉన్నా సరే, మెయిల్ పాస్‌వర్డ్‌నే ఇక్కడా పెట్టొద్దు.

చెయ్యి తిరగడానికి 1990 నాటి లాంబ్డామూ అనే టెక్స్ట్ లోకం మంచిది, పోర్ట్ 8888. ఇంగ్లిష్ అక్షరాల్లో "కనెక్ట్ గెస్ట్" అని కొడితే కోట్లు వేలాడే చీకటి అలమరలో తేలతారు. "ఔట్" అంటే హాల్లోకి వస్తారు. "లుక్", "సే", మొదట కోలన్ పెట్టి పాత్ర చేష్టని రాసే పోజ్, ఈ మూడూ అక్కడే అలవాటు చేసుకోండి.

మక్‌లో కమాండ్ తప్పు కొడితే "హఁ?" అని ఊరుకుంటుంది. కొంప ముంచేది సరిగ్గా కొట్టిన పేజ్, అంటే ఒక్కరికే పోయే ప్రైవేట్ సందేశం. "పేజ్ పేరు=మాట" అన్నది దాని పద్ధతి. పేరు వదిలేస్తే చివరిసారి ఎవరికి పంపారో వాళ్లకే పోతుంది. ఒకరితో పేజ్‌ల్లోనే ఏకాంతంగా సీను నడుస్తోంది అనుకోండి. మధ్యలో అడ్మిన్ ఏదో అడుగుతారు, "సరేనండీ" అని పేజ్ చేస్తారు. మళ్లీ సీనులోకొచ్చి, పేరు లేకుండా ఓ ఘాటైన వాక్యం పంపుతారు. అది తిన్నగా అడ్మిన్ ఒళ్లో పడుతుంది. ఎంటర్ నొక్కాక వెనక్కి లాగే దారి లేదు. దీన్నే అక్కడ "మావ్" అంటారు, మన మావకి దీంతో చుట్టరికం లేదు. విరుగుడు ఒకటే: ప్రతిసారీ పేరు రాయడం. బద్ధకమైతే మడ్‌లెట్‌లో ఒక్కో మనిషికి ఒక్కో ఎలియాస్ (పొట్టి కమాండ్) పెట్టుకోండి.

కొత్తవాళ్లు పాత్ర పూర్వకథ నాలుగు పేజీలు రాసుకొస్తారు, ఎవరూ చదవరు. "లుక్" కొట్టినవాళ్లకి కనబడేది "@డెస్క్ మి=" తర్వాత మీరు రాసిందే. అయిదారు వాక్యాలు చాలు: ఎత్తు, బట్టలు, చేతిలో ఏముంది. "నిన్ను చూడగానే గుండె ఝల్లుమంటుంది" లాంటివి వద్దు. ఎదుటివాళ్ల గుండె ఎప్పుడు ఝల్లుమనాలో వాళ్లే చూసుకుంటారు.

సీను మొదలెట్టే ముందు ఏది సరే, ఏది వద్దు అన్నది పాత్రగా కాక మనిషిగా పేజ్‌లో అడిగి తేల్చుకోండి. "వద్దు" అన్నదాన్ని కథ అడ్డుపెట్టుకుని దూర్చేవాళ్లతో ఆడకండి. అవతలి క్లయింట్ అంతా లాగ్ చేసి దాస్తుండొచ్చు కాబట్టి అసలు పేరు, ఊరు చెప్పొద్దు.

తెలుగు లిపి చాలా పాత సర్వర్లలో ప్రశ్నార్థకాలై తేలుతుంది. జనం కావాలంటే అమెరికా రాత్రివేళ ఉండాలి, అంటే నిద్ర మానుకోవాలి: న్యూయార్క్‌లో రాత్రి 8 అంటే మనకి పొద్దున 5:30, వాళ్ల చలికాలంలో 6:30.