కీమో తీసుకుంటున్నవారికి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కల్యాణదుర్గం దగ్గర పల్లె. మా అమ్మకు 52 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక అనంతపురంలో 21 రోజులకొకసారి కీమో ఇస్తున్నారు. ఎర్రగా ఉండే మందు ఎక్కిస్తున్నారు. రెండో కీమో అయిన పదో రోజు రాత్రి 101 డిగ్రీల జ్వరం వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ నడుముకు సూది వేసి పారాసిటమాల్ ఇస్తే తెల్లారేసరికి తగ్గింది. మూడో కీమో దగ్గరపడింది. అమ్మకు ఏం పెట్టాలి? నేను ఇప్పుడు గర్భవతిని, రెండేళ్ల బాబు కూడా ఉన్నాడు. అమ్మ బట్టలు నేను ఉతకవచ్చా? బంధువులు అమ్మ కంచం, గ్లాసు వేరుగా పెట్టమంటున్నారు. నిజంగా అవసరమా?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటన్నిటికంటే ముందు, మీరు తగ్గిపోయిందని రాసిన ఆ రాత్రి జ్వరం గురించి చెప్పాలి. మీ అమ్మగారు ఆ గండం దాటడం సంతోషమే కానీ, ఇంకోసారి అలా వస్తే ఊళ్లో సూదితో సరిపెట్టవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

కీమో మందు క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మూలుగలో పుట్టే తెల్లరక్తకణాలను కూడా దెబ్బతీస్తుంది. సూక్ష్మక్రిములతో ముందుగా పోరాడే న్యూట్రోఫిల్స్ అనే కణాలు సాధారణంగా కీమో తరువాత 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య బాగా పడిపోతాయి. అవి మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గినప్పుడు పేగుల్లోనూ చర్మం మీదా ఎప్పుడూ ఉండే క్రిములే రక్తంలోకి చొరబడి, కొన్ని గంటల్లోనే బీపీ పడిపోయేంత ప్రమాదం తెచ్చిపెట్టగలవు. చీము పట్టాలన్నా, వాపు రావాలన్నా ఆ కణాలే కావాలి కాబట్టి, అవి లేని రోజుల్లో ఇన్ఫెక్షన్‌కు జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు. పారాసిటమాల్ వేస్తే ఆ ఒక్క గుర్తూ చెరిగిపోతుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మీ అమ్మగారికి జ్వరం వచ్చింది సరిగ్గా పదో రోజునే అన్నది గమనించండి.

అందువల్ల ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటరు ఉంచి, ఉదయం, సాయంత్రం నాలుక కింద పెట్టి చూడండి. వేడి కాఫీ తాగిన వెంటనే చూడకూడదు. చంకలో పెడితే అసలు కంటే కొంత తక్కువ చూపిస్తుంది. 100.4 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్, దాటితే ఏ మాత్రా వేయకుండా వెంటనే కీమో ఇస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. జ్వరం లేకపోయినా వణుకు, ఆయాసం, మాట తడబడటం, లేవలేనంత నీరసం ఉంటే అలాగే చేయాలి. క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే చెప్పవలసిన మొదటి మాట, "కీమో తీసుకుంటున్నారు, ఇది ఇన్నో రోజు" అన్నదే, ఎందుకంటే చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కించడం మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

మీ ఊరి నుంచి అనంతపురం రావడం రాత్రివేళ సులువు కాదని నాకు తెలుసు. అందుకే ఈసారి 7 నుంచి 14వ రోజు వరకు అనంతపురంలో చుట్టాలెవరైనా ఉంటే వారింట్లో ఉంచే వీలుందేమో చూడండి. అది కుదరకపోతే పిలవగానే వచ్చే ఆటోనో జీపునో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఏమీ దొరకనప్పుడు 108 ఉంది. కీమో కాగితాలు, చివరి రక్తపరీక్ష, వైద్య సేవ కార్డు ఒకే సంచిలో ఉంచి, వాటి ఫొటోలు ఫోన్లో కూడా పెట్టుకోండి.

నడుముకు వేసిన సూది గురించి కూడా చెప్పాలి. కీమో రోజుల్లో రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు అనే కణాలు కూడా తగ్గుతాయి. అప్పుడు కండలోకి సూది వేస్తే లోపల రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు, అక్కడే ఇన్ఫెక్షన్ రావచ్చు. జ్వరానికి, నొప్పులకు ఊళ్లలో తరచుగా వేసే డైక్లోఫెనాక్ వంటి సూదులు ప్లేట్‌లెట్ల పనిని, కిడ్నీలను కూడా ఇబ్బంది పెడతాయి. ఆ ఆర్‌ఎంపీ సాయం చేద్దామనే చేసి ఉంటారు, తప్పు పట్టడం లేదు. ఈ విషయం ఆయనకు కూడా చెప్పి ఉంచండి. పసరు మందులు, ఆకు రసాలు కాలేయం మీద భారం వేసి కీమో పనిని మార్చగలవు కాబట్టి, మీ డాక్టరును అడగకుండా ఏవీ ఇవ్వవద్దు.

ఇక తిండి సంగతి. ఉడికించి వేడిగా పెట్టేవన్నీ మంచివే. వేడి సంగటి, పప్పు, పూర్తిగా ఉడికిన గుడ్డు, బాగా ఉడికించిన కూరలు పెట్టండి. రాత్రి మిగిలిన సంగటిని నీళ్లలో వేసి పొద్దున పెట్టడం మాత్రం ఈ కొన్ని నెలలూ మానండి. ఉగ్గాని అంటే మనకు ప్రాణమే కానీ, బొరుగులను పచ్చినీళ్లలో నానబెట్టి పిండుతారు కాబట్టి బయట హోటల్లోది వద్దు. ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లతో చేసి వేడిగా పెడితే తినవచ్చు. కాచిన పాలకు తోడుపెట్టిన తాజా పెరుగు పెట్టవచ్చు. కణాలు బాగా పడిపోయాయని డాక్టరు చెప్పిన రోజుల్లో మాత్రం ఆయనను అడిగి పెట్టండి. పండ్లు బాగా కడిగి ఇంట్లోనే తొక్క తీసినవైతే ఫరవాలేదు. పచ్చి కూరగాయలూ పండ్లూ పూర్తిగా మాన్పించే కఠిన పథ్యం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని పరిశోధనల్లో రుజువు కాలేదు, తిండి తగ్గి మనిషి నీరసించడమే ఎక్కువ. ఊరగాయ నోరు పూసినప్పుడు వద్దు. అప్పుడు కాచి చల్లార్చిన నీళ్లలో కొద్దిగా ఉప్పు, తినే సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి.

ఎర్రమందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు, అది రక్తం కాదు. మందు ఎక్కించిన చోట మంట, వాపు, బొబ్బ వస్తే మాత్రం ఆ పూటే చూపించాలి.

బట్టల విషయంలో మీరు గర్భవతి కావడం వల్ల ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. కీమో తరువాత కనీసం 48 గంటలు మూత్రం, మలం, వాంతిలో మందు అవశేషాలు ఉంటాయి. అవి అంటిన బట్టలు, బకెట్లు మీరు ముట్టుకోవద్దు. ఇంట్లో వేరొకరు గ్లోవ్స్ వేసుకుని, ఆ బట్టలను మిగిలిన వాటితో కలపకుండా రెండుసార్లు ఉతకాలి. మరుగుదొడ్డిలో రెండుసార్లు నిండుగా నీళ్లు పోసి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మీ బాబు అమ్మమ్మ ఒళ్లో కూర్చోవచ్చు. వాడికి జలుబు, జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో మాత్రం దూరంగా ఉంచండి, వాడి మలం కడిగే పని అమ్మగారికి ఎప్పుడూ అప్పగించవద్దు. పోలియో చుక్కలు వేయించే ముందు ఇంట్లో కీమో రోగి ఉన్నారని ఆరోగ్య సిబ్బందికి చెప్పండి.

కంచం, గ్లాసు వేరు చేయనక్కరలేదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఎప్పటిలా సబ్బుతో తోమితే చాలు. జుట్టు రాలి, నోరు రుచి చెడి ఉన్న మనిషికి తన ఇంట్లోనే తన గ్లాసు పక్కన పెట్టడం ఎంత బాధ కలిగిస్తుందో వార్డులో చాలామంది నాతో చెప్పుకొని ఏడ్చారు. అమ్మగారిని మీ మధ్యలోనే కూర్చోబెట్టి భోజనం పెట్టండి.

మూడో కీమోకు వెళ్లినప్పుడు ఆ పదో రోజు జ్వరం, వేసిన సూది, ఇచ్చిన మాత్రలు అన్నీ దాచకుండా చెప్పండి. రక్తపరీక్ష చూసి డాక్టరు మోతాదు మార్చవచ్చు, లేదా తెల్లరక్తకణాలను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ వంటి సూది రాయవచ్చు. అది కీమో అయిన 24 గంటల తరువాతే వేయాలి కాబట్టి, ఏ రోజున, ఎవరి చేత వేయించాలో అక్కడే అడిగి, రాత్రివేళ ఎత్తే ఫోన్ నంబరు కూడా రాయించుకొని రండి.