14 వేల ర్యాంకుకి జేఎన్‌టీయూ, ఓయూ క్యాంపస్‌లో సీటు వస్తుందా?

"తమ్ముడికి ఎప్‌సెట్‌లో (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో) 14 వేల ర్యాంకు, బీసీ-డి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో గానీ ఓయూలో గానీ ఎంత శాతం ఛాన్స్?" అని అడిగారు. శాతం చెప్పేవాళ్ళని అస్సలు నమ్మకండి. నేను ఓయూ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన పాపానికి, ఫలితాలు రాగానే చుట్టాల పిల్లల వెబ్ ఆప్షన్లన్నీ, అంటే ఏ కాలేజీ ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టే పని, నా నెత్తిన పడతాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మా బాబాయి కూతురిది పద్దెనిమిది వేల చిల్లర ర్యాంకు, బీసీ-బి. బాబాయి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, సీటు వస్తుందో రాదో చెప్పే యాప్‌లో జేఎన్‌టీయూ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) పచ్చగా, వస్తుందని చూపిస్తోందిరా!" అప్పటికే పిన్ని నలుగురికి చెప్పేసింది కూడా. నేను ల్యాప్‌టాప్‌లో అంతకుముందు ఏడాది లాస్ట్ ర్యాంకుల పీడీఎఫ్ తెరిచాను, ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చెప్పేది. చీమల బారులాంటి అక్షరాలు, ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్ నుంచి ఈడబ్ల్యూఎస్ దాకా గళ్ళే గళ్ళు. బాబాయి ఒక వరుస మీద వేలు పెట్టి చివరి గడి దాకా లాక్కొచ్చాడు. అక్కడ "జేఎన్‌టీయూహెచ్" అని ఉంది నిజమే. కానీ అది "అఫిలియేటెడ్ టు" గడి. వెనక్కి వచ్చి "కాలేజ్ టైప్" గడి చూడమన్నాను. పీవీటీ. అంటే ప్రైవేటు. ఊరవతల ఏదో కాలేజీ.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అనుబంధ కాలేజీలన్నీ బోర్డు మీద జేఎన్‌టీయూ పేరు కొట్టొచ్చేలా రాసి, తమ పేరు కింద చిన్నగా పెడతాయి. అడ్మిషన్ల పీఆర్వోలైతే "మాదీ జేఎన్‌టీయూయే సార్" అని మొహమాటం లేకుండా అంటారు. సర్టిఫికెట్ ఇచ్చేది యూనివర్సిటీ కావచ్చు, పాఠం చెప్పేది మాత్రం కాదు కదా.

అందుకని మీరు చూడాల్సింది కాలేజ్ టైప్‌లో "యూఎన్‌ఐవీ", అంటే యూనివర్సిటీ సొంత కాలేజీ, అని ఉన్న వరుసలు. వాటిలో మీ తమ్ముడి గడి బీసీ-డి బాయ్స్ ఒక్కటే. పక్క గడి చూసి సంబరపడొద్దు. అమ్మాయిలకి మూడో వంతు సీట్లు ఉంటాయి కాబట్టి వాళ్ళ లెక్క వేరు. కౌన్సెలింగ్ ఫస్ట్ ఫేజ్ ర్యాంకులు చూసి బెంబేలెత్తొద్దు కూడా. ఐఐటీ, ఎన్‌ఐటీలకి వెళ్ళేవాళ్ళు ఖాళీ చేశాక కటాఫ్ ఇంకా పెద్ద ర్యాంకుల దాకా జరుగుతుంది. ఫైనల్ ఫేజ్ షీట్లు రెండు మూడేళ్ళవి పక్కపక్కన పెట్టుకుంటే యాప్ అక్కర్లేదు.

నన్నడిగితే జేఎన్‌టీయూ కూకట్‌పల్లి క్యాంపస్‌లో సీఎస్‌ఈ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) ఆశ వదిలేయండి. సివిల్, మెకానికల్, మెటలర్జీల మీద ఆశ పెట్టుకోవచ్చు. ఓయూలో మైనింగ్, బయోమెడికల్, టెక్నాలజీ కాలేజీలో ఫుడ్, టెక్స్‌టైల్ కూడా వదలొద్దు. జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్ కాలేజీలు జేఎన్‌టీయూ సొంతవే, వాటిలో సీఎస్‌ఈ కూడా పెట్టండి. ఆప్షన్లు ఎక్కువ ఇష్టమైనది పైన ఉండేలా పెట్టుకోండి, వచ్చేలా ఉన్నదాన్ని పైన పెట్టనక్కర్లేదు. రాని సీటు మొదట పెట్టినంత మాత్రాన కింద ఉన్నది పోదు. అయితే సెకండ్ ఫేజ్‌లో కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. ఇప్పుడున్నదానికన్నా మంచివని అనుకున్నవే అప్పుడు పెట్టండి.

ఊరూ పేరూ తెలియని ప్రైవేటు కాలేజీ సీఎస్‌ఈ కన్నా క్యాంపస్‌లో ఏ బ్రాంచైనా నయం. దీని మీద నాతో వాదించడానికి చాలామంది వచ్చారు, నేను మారలేదు. లైబ్రరీ, సీనియర్లు, హాస్టల్ గదిలో అర్ధరాత్రి దాకా కోడింగ్ నేర్పే పక్క బ్రాంచి కుర్రాడు, ఇవేవీ ఫీజు కడితే వచ్చేవి కావు.

మా చెల్లికి సెకండ్ ఫేజ్‌లో కూకట్‌పల్లిలోనే మెటలర్జీ వచ్చింది. అలాట్‌మెంట్ ఆర్డర్ ప్రింట్ చేతికివ్వగానే బాబాయి అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులోంచి సీఎస్‌ఈకి మారొచ్చట్రా?"