430డబ్ల్యూ స్థానంలో ఏది పెట్టాలి?

మీ చిన్న విమానం సెస్నా 172లో దారి చూపే పరికరం గార్మిన్ జీఎన్ఎస్ 430డబ్ల్యూ డిస్‌ప్లే పోయిందనీ, చవగ్గా గార్మిన్‌దే జీపీఎస్ 175 పెడితే సరిపోతుందా అనీ అడిగారు. ముందు ఒక్క విషయం చూడండి, మీ విమానంలో రెండో రేడియో ఉందా? 430డబ్ల్యూ ఒక్క జీపీఎస్ మాత్రమే కాదు. అందులోనే కామ్ రేడియో (కంట్రోల్ టవర్‌తో మాట్లాడేది), వీఓఆర్ (నేలమీది రేడియో కేంద్రాలతో దిశ తెలిపేది), ఐఎల్ఎస్ (రన్‌వే దగ్గరి రేడియో సంకేతాలతో దిగే దారి చూపేది) రిసీవర్ కూడా ఉన్నాయి. అది తీసేస్తే అవన్నీ పోతాయి. జీపీఎస్ 175 ఎల్‌పీవీ అప్రోచ్‌లు (జీపీఎస్ సాయంతో కచ్చితంగా రన్‌వే వైపు దిగడం) చక్కగా చేస్తుంది గానీ రేడియో లేదు. జీఎన్‌సీ 355లో కామ్ ఉంది, ఐఎల్ఎస్ లేదు.

రెండో నావ్‌కామ్ (దారి చూపే, మాట్లాడే రేడియోలు కలిసిన పెట్టె) బాగా పనిచేస్తుంటే 175 మంచి ఎంపికే. లేకపోతే నా ఓటు అవిడైన్ ఐఎఫ్‌డీ 440కే. 430డబ్ల్యూను బిగించిన ట్రేలోనే (చట్రంలోనే) కూర్చుంటుంది కాబట్టి వైరింగ్ పని చాలా తగ్గుతుంది. గార్మిన్ జీటీఎన్ 650ఎక్స్‌ఐ అద్భుతమైనదే, కానీ దానికి ట్రే, కనెక్టర్లు వేరు. మేం మా విమానానికి బాక్స్ ధర మాత్రమే చూసుకుని, కూలీ బిల్లు వచ్చాక కంగారుపడ్డాం. మీకా టెన్షన్ వద్దు, కొటేషన్‌లో రెండూ విడివిడిగా రాయించుకోండి.

ఇంకోటి, మీ ఏడీఎస్-బీ ట్రాన్స్‌పాండర్ (విమానం ఎక్కడుందో ప్రసారం చేసే పరికరం) పొజిషన్ ఎక్కడినుంచి తీసుకుంటోందో షాపువాళ్లను తప్పక అడగండి. 430డబ్ల్యూ నుంచే అయితే, కొత్త బాక్స్‌తో ఆ జత ఆమోదం పొందిందో లేదో డబ్బు కట్టకముందే తేలాలి.